నడవ చివర

హైదరాబాదు,
2 ఆగస్టు 2025.

అత్తా,

రిటైరైన రోజు నువ్వు పెట్టిన షరతు గుర్తుందిలే. "ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో కూర్చుని ఊరందరి ఉత్తరాల మీదా ముద్ర గుద్దాను, నాకంటూ ఒక్కటీ రాలేదు, నువ్వైనా రాయవే" అన్నావు. ఇదిగో, రాస్తున్నా. రాత కోడి గెలికినట్టుందని తిట్టకు. నేను పెన్ను పట్టుకుని ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు.

ఇక్కడ నా పనేంటని అడిగావు గదా. మా కంపెనీ లగ్జరీ విల్లాలకి ఇంటీరియర్స్ చేస్తుంది. అందులో నాకిచ్చింది హాల్‌వేలు. అంటే గుమ్మం దాటగానే ఫోయే, అక్కణ్ణుంచి గదులకి వెళ్ళే కారిడార్. వాల్ ప్యానెల్స్, కన్సోల్ టేబుల్, కోవ్ లైటింగ్, రన్నర్ కార్పెట్. ఇల్లు కట్టేవాళ్ళు వైభవమంతా హాల్లోనూ బెడ్‌రూముల్లోనూ చూపిస్తారు అత్తా, ఆ దారిని ఎవ్వరూ పట్టించుకోరు. ఇంట్లో మనిషి పొద్దస్తమానం తిరిగేది మాత్రం అక్కడే. నాకు ఆ దారంటే పిచ్చి. మా మేడం పూజిత గారు "కారిడార్ చూసి ఎగిరి గంతేసేదాన్ని నిన్నే చూశా" అని నవ్వుతారు.

ఇప్పటిదాకా ఇంకొకళ్ళ డిజైన్లకి లైట్లు సెలెక్ట్ చేయడమే. నా సొంతమని ఒక్కటీ రాలేదు. వస్తే ముందు నీకే రాస్తా.

నీ ఫోను బకెట్లో పడితే తీసి బియ్యం డబ్బాలో పెట్టావట, నాన్న చెప్పాడు. ఫోనైనా బయటికి తియ్యి, లేకపోతే ఆ బియ్యమైనా వండెయ్యి.

నీ మేనకోడలు
ఆరాధన


తిరువూరు,
8 ఆగస్టు 2025.

ఆరాధనకు అత్త అంతోనమ్మ ఆశీస్సులు. మరియమ్మ తల్లి నిన్ను కంటికి రెప్పలా కాయాలి.

ఉత్తరం వచ్చిందే! పోస్ట్‌మాన్ నా చేతికిస్తుంటే సంతకం ఎక్కడ పెట్టాలి బాబూ అని అడిగాను. "మామూలు ఉత్తరానికి సంతకమేంటమ్మా, మీకు తెలీదా" అని ఆ పిల్లాడు నవ్వాడు. అంత కంగారు పడ్డాను మరి. ఎదురింటి హుస్నాకి కూడా కవరు చూపించాను, లోపలిది చూపించలేదులే.

చూపించినా ఏం లాభం? నాలుగుసార్లు చదివాను, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. హాలు 'వే' అంటే ఏంటి, స్లాబు వేసినట్టు హాలు వెయ్యడమా? ఫోయే అట! ఎవరు పోయె, ఎక్కడికి పోయె? చదువుకున్న పిల్లవి, మీ నాన్న గంపలగూడెం బళ్ళో తెలుగు చెప్పే మాస్టారు, నీ ఉత్తరం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఇకనుంచి నాకు తెలుగులో రాస్తే రాయి. ఇంగ్లీషు ముక్క కనపడిందో, కవరు తిప్పి నీకే పంపిస్తా. బస్సు, ఫోను లాంటివి పర్వాలేదు, అవి మనవే.

అయినా నీకెందుకంత దిగులు? నీ సొంతమనేది నీకూ వస్తుంది. నేను రోజూ అడుగుతూనే ఉన్నాను తల్లిని.

ఫోను ఇంకా డబ్బాలోనే ఉంది. దాని గోల లేకపోతే ప్రాణానికి హాయిగా ఉంది.

మీ అత్త


హైదరాబాదు,
14 ఆగస్టు 2025.

అత్తా, అత్తా, అత్తా!

నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చున్నా. ఈ ఉత్తరంలో ఇంగ్లీషు ముక్క దొరికితే నా పేరు మార్చుకుంటా, చూసుకో.

నాకు నడవ వచ్చింది! ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ నడవల్లో దీపాలు సర్దాను. ఇది నాది, నా సొంతం. కాలు నేల మీద నిలవట్లేదు. ఎక్కడో చెప్పనా? మన తిరువూరులోనే! ఇమ్మాన్యుయేల్ గారని, మొన్న ఇక్కడికొచ్చి నన్ను చూశారు, చాలాసేపు మాట్లాడారు, నచ్చానన్నారు. ఇంక వాళ్ళింట్లో అమ్మగారు సరే అనాలి. ఆవిడ ఇంకొకళ్ళని కూడా చూస్తోందట. సెప్టెంబరు మొదటి వారంలో ఎవరో ఒకర్ని ఖాయం చేస్తారు. ఖాయమైతే క్రిస్మస్‌కి ముందే అంతా అయిపోవాలి. నన్ను కాదంటే మాత్రం మళ్ళీ జన్మంతా దీపాలు సర్దుకోవడమే అత్తా. అది తల్చుకుంటే ఏడుపొస్తోంది.

నడవ చాలా పొడుగు. నలభై అడుగులుంటుంది. మొదట్నుంచి చివరిదాకా నడవాలంటేనే గుండె గుబగుబలాడుతుంది. నడిచేవాళ్ళకి ఏం కావాలి, చివర ఏం కనపడాలి, నాకు ఎంతకీ తోచట్లేదు. నువ్వేమంటావు?

ఎవరికీ చెప్పకు. నాన్నకి కూడా. అయ్యేదాకా గుట్టుగా ఉంచమన్నారు ఇమ్మాన్యుయేల్ గారు. అందుకే అటు రావట్లేదు. వస్తే నీ మొహం చూసి దాచలేను.

గాల్లో తేలుతున్న
ఆరాధన


తిరువూరు,
19 ఆగస్టు 2025.

నా బంగారు తల్లీ, ఆరాధనా,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. తర్వాత లేచినదాన్ని కూర్చోలేకపోయాను. మా యోసేపు కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల, ఇంత మాట ఇంత తేలిగ్గా రాసేసింది! ఆ మాట మాత్రం నేను రాయను. ఖాయమయ్యేదాకా నోటితో అనకూడదని మా అమ్మ అనేది. మీ నాన్న నిన్న వచ్చి "ఏంటక్కా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు" అంటే పన్ను నొప్పి అన్నాను.

నడవ గురించి అడిగావు. నన్నా అడిగేది! మన గుడి నడవ కూడా నలభై అడుగులకి తగ్గదు, నిన్న సాయంత్రం పనిగట్టుకుని వెళ్ళి చూసొచ్చాను. ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళు చూశాను! ఎప్పుడూ ఒకటే చోటు నాది, నడవ పక్కన బెంచీ చివర. వెళ్ళే ప్రతి పెళ్ళికూతురి కొంగూ నా చేతికి తగిలి వెళ్తుంది. కాబట్టి చెప్తా, విను.

చివర చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలే. గోడ ఉంటే మనిషి పరిగెత్తుతుంది, కిటికీ ఉంటే మెల్లగా నడుస్తుంది. మన గుళ్ళో పీఠం వెనక కిటికీలోంచి వేపచెట్టు కనపడుతుంది చూడు, అందుకే ఎంత భయపడే పిల్లైనా సగం దూరం వెళ్ళేసరికి కుదురుకుంటుంది. వెలుతురు నెత్తి మీదనుంచి వద్దు, కళ్ళ కింద నీడలు పడి పెళ్ళికూతురు పేషెంటులా ఉంటుంది. పక్కనుంచి, సన్నటి కిటికీల్లోంచి పడాలి. నేల నున్నగా ఉండకూడదు. పాలరాయి వేసిన కొత్తలో ఒకమ్మాయి జర్రున జారి పీఠం దాకా వెళ్ళింది.

ఇంకోటి. మధ్యలో ఆగడానికి ఒక చోటుండాలి. మన ఊరి జోజిబాబు కూతురి పెళ్ళప్పుడు వాళ్ళ నాయనమ్మ నడవలేక సగంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. పెళ్ళికూతురు అక్కడ ఆగి, వంగి, ఆవిడ చేత ముద్దు పెట్టించుకుని ముందుకెళ్ళింది. ఆ రోజు ఏడవనివాళ్ళు లేరు. నడవంటే అదే గదా, ఎక్కడ ఆగాలో తెలియాలి.

బట్టల సంగతి నువ్వు పట్టించుకోకు. విజయవాడ వెళ్ళి నేనే తెస్తా. ఇంతకీ ఇమ్మాన్యుయేల్ ఎలాంటి మనిషి? ఏం చేస్తాడు? వాళ్ళమ్మగారికి ఏమిష్టం? వివరంగా రాయి.

సంతోషం పట్టలేని
మీ అత్త


హైదరాబాదు,
25 ఆగస్టు 2025.

అత్తా, నువ్వు మామూలు మనిషివి కాదు!

నేను నడవ అంటే నువ్వు గుడి నడవ చూసి రావడమేంటి, అందులోంచి అన్నీ పట్టుకు రావడమేంటి! నీ ఉత్తరం చదవగానే కాగితాలు పరుచుకుని కూర్చున్నా. చివర గోడ తీసేసి కిటికీ, బయట మామిడిచెట్టు. పక్క గోడకి నిలువునా సన్నటి కిటికీలు. కింద గరుకు రాయి. సగంలో గోడలోకి ఒక గూడు, అందులో కూర్చోడానికి చెక్క పీట. మా మేడం ఒక్కో బొమ్మా కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చూశారు. తర్వాత "ఎవరు చెప్పారు నీకు?" అన్నారు. మా అత్త అన్నాను.

బట్ట నువ్వు తెస్తానంటే వద్దంటానా! కానీ పట్టు, జరీ వద్దు. గోధుమరంగు నార బట్ట తీసుకో, దళసరిది. గోడకి కలిసిపోవాలి, ఉన్నట్టే తెలియకూడదు. పదహారు గజాలు పడుతుంది.

ఇమ్మాన్యుయేల్ గారు మామిడికాయల పెద్ద వ్యాపారి, నీకు తెలిసే ఉంటుంది. అరవై దాటాయి గానీ అలా కనిపించరు. నవ్వితే బంగారు పన్ను తళుక్కుమంటుంది. ఇద్దరు మనవలు కూడా. అమ్మగారంటే వాళ్ళావిడ, హన్నమ్మ గారు. ఆవిడా వచ్చారు మొన్న. నా చెయ్యి పట్టుకుని "ఆయన ఎవర్నీ ఓ పట్టాన మెచ్చడమ్మా, నిన్నే మెచ్చాడు. ఇంక నా సంగతి చూద్దాం" అన్నారు. ఎంత మంచావిడో! ఆవిడ ఊ అంటే చాలు అత్తా, నా జన్మ ధన్యం.

నీ
ఆరాధన


తిరువూరు,
30 ఆగస్టు 2025.

ఆరాధనా,

కోపంలో రాస్తున్నా, రాత వంకర పోతే పోనీ.

అరవై ఏళ్ళవాడా! మనవలున్నవాడా! పెళ్ళాం బతికుండగా! ఆ పెళ్ళామే వచ్చి నీ చెయ్యి పట్టుకుని చూసి వెళ్ళిందా! ఆవిడ ఊ అంటే నీ జన్మ ధన్యమా? హైదరాబాదు నీళ్ళలో ఏం కలుపుతున్నారే? మన ఇళ్ళలో ఇదెక్కడైనా విన్నామా? ఏ ఫాదర్ గారు చేస్తారే ఈ పెళ్ళి?

పైగా పెళ్ళికూతురు గోధుమరంగు నార బట్ట కట్టుకుని గోడకి కలిసిపోవాలా? పదహారు గజాలు దేనికి, నిన్ను మూటగట్టడానికా? నేను ఉత్తరం రాసిన మర్నాడే బస్సెక్కి బెజవాడ వెళ్ళి తెల్ల పట్టు చీర తెచ్చాను, వెండి జరీ అంచుది. బీరువాలో పెట్టి రోజూ తీసి చూసుకుంటున్నాను. ఇప్పుడు ఆ బీరువా తలుపే తియ్యట్లేదు.

సోమవారం పొద్దున్నే ఆ ఇమ్మాన్యుయేల్ గారింటికి వెళ్తున్నా. బంగారు పన్ను సంగతి అక్కడే తేలుస్తా.

అత్త


హైదరాబాదు,
3 సెప్టెంబరు 2025.

అత్తా, కొంప ముంచావు!

పెళ్ళేంటి? ఎవరికి పెళ్ళి? అది ఇంట్లో నడవ! గుమ్మం దాటాక గదులకి వెళ్ళే దారి! బైపాస్ దగ్గర వాళ్ళు కట్టుకుంటున్న కొత్త ఇల్లు. నేను మొదటి ఉత్తరంలో కారిడార్ అని రాసింది దాన్నే. ఇంగ్లీషు వద్దన్నది నువ్వు, నిఘంటువు తిప్పి నడవ అని రాసింది నేను. బట్ట అంటే కిటికీ తెరలకి! ఆవిడ చూస్తున్న ఇంకొకళ్ళు మా ఆఫీసులో విశ్వతేజ. అద్దాలూ బంగారు పూతా పెట్టి వాడూ ఒక నడవ గీశాడు. మా ఇద్దరి బొమ్మలూ హన్నమ్మ గారి దగ్గరే ఉన్నాయి. ఈ వారమే ఏదో ఒకటి తేల్చాలి.

నీ ఉత్తరం ఇవాళ అందింది. నువ్వు వెళ్తానన్న సోమవారం అయిపోయింది. ఇమ్మాన్యుయేల్ గారికి ఫోను చేస్తే మోగి ఆగిపోతోంది. నాన్నకి చేస్తే "మీ అత్త సోమవారం గొడుగు పట్టుకుని వెళ్ళింది, వచ్చిందగ్గర్నుంచి ఏమడిగినా పలకదు, నీకు ఉత్తరం రాయాలంటోంది" అన్నాడు. గొడుగెందుకు అత్తా? వాన లేదు కదా? ఆ గొడుగుతో ఏం చేశావు?

నా మొదటి నడవ పోయింది. నాకు తెలిసిపోయింది. మేడంతో ఏం చెప్పాలో కూడా తెలియట్లేదు. నీ మీద కోపంగా ఉంది, మళ్ళీ చీర సంగతి గుర్తొచ్చి ఏడుపొస్తోంది.

ఆ బియ్యం డబ్బా తెరువు అత్తా, నీకు దణ్ణం పెడతా.

ఆరాధన


తిరువూరు,
4 సెప్టెంబరు 2025.

ఆరాధనా,

నోటితో చెప్పే మొహం లేక కాగితం మీద పెడుతున్నా. చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

వెళ్ళాను. గేటు దగ్గర కుక్కుందని గొడుగు తీసుకెళ్ళానులే, మీ నాన్న ఏం చెప్పాడో గానీ, కొట్టడానికి కాదు. హన్నమ్మ గారు వరండాలో చిక్కుడుకాయలు తుంచుతోంది. కూర్చోమనకముందే అందుకున్నాను. "ఏవండీ, మీరూ ఆడవాళ్ళే గదా. మా పిల్లని మీ ఆయనకి చూసి పెట్టడానికి మీకు మనసెలా ఒప్పింది?" అన్నాను. ఆవిడ తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏ పిల్లండీ?" అంది. "ఆరాధన. హైదరాబాదులో చెయ్యి పట్టుకుని నచ్చావన్నారట!" అన్నాను.

అంతే. ఆవిడ నవ్వు చూడాలి! నవ్వి నవ్వి చిక్కుడుకాయలన్నీ కింద పోసేసింది. "ఏవండోయ్, మీకు పెళ్ళట, ఇలా రండి!" అని లోపలికి కేకేసింది. ఆయన పంచె సర్దుకుంటూ వచ్చాడు, నన్ను చూశాడు, సంగతి విన్నాడు. మరుక్షణం బంగారు పన్ను నాకూ కనపడింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులోకి దిగిపోదామనుకున్నాను. చాలాసేపు ముగ్గురం నవ్వుతూనో ఏడుస్తూనో ఉన్నాం.

తర్వాత హన్నమ్మ గారు నన్ను కారెక్కించి కొత్తింటికి తీసుకెళ్ళింది. అప్పుడు చూశాను నీ నడవ. చీకటిగా, పొడుగ్గా, తూములా ఉంది. ఆవిడ రెండు బొమ్మలూ అక్కడే గచ్చు మీద పరిచి "అద్దాలది చూస్తే హోటలు గుర్తొస్తోందండీ. మీ అమ్మాయిది చూస్తే ఏదో గుర్తొస్తోంది గానీ, ఏంటో దొరకట్లేదు. దొరికితే తప్ప సరే అనలేను" అంది.

నేను వంగి చూశాను. పక్క కిటికీలు, గరుకు నేల, సగంలో కూర్చునే చోటు, చివర చెట్టు. నా ఉత్తరమంతా బొమ్మగా ఉందే అక్కడ! "మన గుడి నడవండీ ఇది" అన్నాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ పెళ్ళి కూడా మన గుళ్ళోనేనట. నాకు గుర్తు లేదు గానీ, బెంచీ చివర నేను ఉండే ఉంటాను. ఆయనకేసి తిరిగి "ముందు అమ్మాయికి ఈవిణ్ణే చెప్పుకోనిచ్చి, తర్వాత పూజిత గారికి ఫోను చెయ్యండి. ఈ అమ్మాయే చేస్తుంది" అంది.

నడవ నీదేనే. నేను పోగొట్టలేదు.

చీర సంగతి మాత్రం ఏం చేయాలో తెలియట్లేదు. కొట్టువాడు తిరిగి తీసుకోనన్నాడు. ఉండనీలే, నీకు ఎప్పటికైనా పనికొస్తుంది.

సిగ్గుతో
మీ అత్త

తా.క. ఫోను బయటికి తీశాను. అది చచ్చిపోయింది.


హైదరాబాదు,
13 డిసెంబరు 2025.

నా గొప్ప అత్తకి,

ఈ మూడు నెలలూ నీ ఇంట్లోనే పడుకుని, నీ చేతి చేపల పులుసు తిని, పని చేయించాను కాబట్టి ఉత్తరాల అవసరం రాలేదు. ఇప్పుడు మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఎదురుగా చెప్తే ఒప్పుకోవు కాబట్టి.

ఇరవయ్యో తారీకున కొత్తింటి ఆశీర్వాదం. ఫాదర్ గారు ప్రార్థన చేసి తాళం తీశాక నడవలో మొదట ఎవరు నడవాలని హన్నమ్మ గారిని అడిగాను. ఆవిడే అనుకున్నా. "మోకాళ్ళతో నేనెక్కడ నడుస్తానమ్మా, నేను సగంలో ఆ పీట మీద కూర్చుంటా. మీ అత్తని నడవమను" అన్నారు.

పనిచేసేవాళ్ళు తెరలు వేస్తుంటే ఆ దారిలో నేనెన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఒక్కసారి కూడా దాన్ని సరిగా చూళ్ళేదు. ఎవరైనా నడుస్తుంటే చివర నిలబడి చూడాలని ఉంది. ఆ నడిచేది నువ్వైతేనే చూస్తాను.

బీరువాలో చీర కట్టుకో. నాకోసం దాచకు. నా వంతు వచ్చినప్పుడు నువ్వు ఇంకోటి కొంటావు, నాకు తెలుసు.

నీ
ఆరాధన


తిరువూరు,
26 డిసెంబరు 2025.

ఆరాధనా,

పండగ బాగా అయింది. అరిసెలు హుస్నా వాళ్ళకి పంపాను, వాళ్ళు బిర్యానీ పంపారు. నువ్వు బస్సెక్కి వెళ్ళిపోయావు. ఆశీర్వాదం రోజు నడవ చివర నిలబడి నువ్వు "ఎలా ఉంది అత్తా" అని అడిగితే, "బాగానే ఉంది, కాస్త చలిగా ఉంది" అన్నాను. ఆ మాటకి నీ మొహం వాడిపోవడం చూశాను. అందరూ ఉన్నారే, అందుకే చలి మీదికి నెట్టేశాను. ఇప్పుడు చెప్తా.

మా నాన్న పోయాక మీ నాన్న చదువు, మీ నాన్న చదువయ్యాక అతని పెళ్ళి, ఆ తర్వాత నువ్వు పుట్టావు. నాకు తీరిక దొరికేసరికి నన్ను చేసుకుంటానని అడిగేవాళ్ళు లేరు. దానికి నేను ఏడ్చిన రోజు లేదు, నిజంగానే లేదు. కానీ తెల్ల చీర కట్టుకుని ఆ గుమ్మంలో నిలబడితే కాళ్ళు కదల్లేదే. అరవై రెండేళ్ళదాన్ని, నన్ను చూసి నవ్వుతారేమో అనుకున్నా. ఎవరూ నవ్వలేదు. పక్క కిటికీల్లోంచి ఎండ నా చీర మీద చారలు చారలుగా పడింది. చివర మామిడిచెట్టు. చెట్టు ముందు నువ్వు, ఏడుపు మొహం పెట్టుకుని. అప్పుడు నడిచాను.

ఎంత బాగుందో తెలుసా! పరిగెత్తాలనిపించలేదు, ఆగిపోవాలనీ అనిపించలేదు. ఆ దారి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఈ పని నీకు వచ్చింది పిల్లా, ఇంక నీకు తిరుగు లేదు. హన్నమ్మ గారు రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ పీట మీద కూర్చుంటోందట, కాఫీ అక్కడికే పట్టుకురమ్మంటోందట.

ఆవిడ గురించే ఇంకొక్కటి చెప్పి ముగిస్తా. ఇన్నేళ్ళూ బెంచీ చివర కూర్చుంటే అందరి కొంగులూ నా చేతికి తగిలి వెళ్ళాయి. ఆ రోజు సగం దూరంలో ఆవిడ పీట మీద కూర్చునుంది, నేను పక్కనుంచి వెళ్తున్నాను. నా కొంగు ఆవిడ చేతికి తగిలింది.

నీ దగ్గరికి నడిచొచ్చిన
మీ అత్త
అంతోనమ్మ